శనివారం రాత్రి మిగిలిపోయినవాళ్ళు

జాన్ స్టైన్‌బెక్ ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ 1937లో వచ్చింది. ఒక్క పూటలో చదివేయగల చిన్న నవల. కాలిఫోర్నియాలో సోలెడాడ్ దగ్గర ఒక పెద్ద కమతం. అక్కడికి కూలికి వచ్చిన ఇద్దరు స్నేహితులు, జార్జ్, లెన్నీ. ఎప్పటికైనా పదెకరాలు కొనుక్కుని, కుందేళ్ళు పెంచుకుంటూ, ఎవరి కిందా చేయకుండా బతకాలని వాళ్ళ కల. ఈ నవల మాట వస్తే అందరూ ఆ స్నేహం గురించీ, ఆ కల చెదిరిపోవడం గురించీ మాట్లాడతారు. నా మనసు మాత్రం నాలుగో భాగం దగ్గరే ఆగిపోతుంది. అందులో జార్జ్ చివర్లో తప్ప కనిపించడు. అది శనివారం రాత్రి. మగవాళ్ళంతా ఊళ్ళోకి, తాగుడుకీ ఆడవాళ్ళ దగ్గరికీ పోయారు. కమతంలో నలుగురు మిగిలారు. బుద్ధి ఎదగని లెన్నీ, అదే కమతంలో ఒక చెయ్యి పోగొట్టుకున్న ముసలి క్యాండీ, గుర్రం తన్ని నడుం వంకర పోయిన నల్లజాతి మనిషి క్రుక్స్, యజమాని కొడుకు కర్లీ పెళ్ళాం. బలహీనులందరినీ ఇక్కడ వదిలేసి పోయారని ఆమే అంటుంది.

నిజానికి ఆ కమతంలో ఒంటరి కానివాడు లేడు. విట్ అనే కుర్ర కూలీ ఒక పాత పత్రిక పట్టుకొస్తాడు. మూడు నెలల క్రితం తమతో పనిచేసి వెళ్ళిపోయిన ఒకతను రాసిన ఉత్తరం అందులో అచ్చయింది. విట్ దాన్ని అందరికీ చూపిస్తాడు గానీ ఎవరి చేతికీ ఇవ్వడు. జార్జ్ పట్టుకోబోయినా వదలడు. వేలితో చోటు చూపించి, చదివించి, మళ్ళీ భద్రంగా తన అరలో పెట్టుకుంటాడు. ఎప్పుడు వచ్చారో ఎప్పుడు పోయారో ఎవరికీ పట్టని మనుషుల్లో ఒకడి పేరు అచ్చులో మిగిలింది, అదీ అతని ఆనందం. వలస కూలీ ఒంటరితనం ఇది. ఇందులో దిగులుంది గానీ ఎవరూ ఎవరినీ గెంటివేయలేదు. రాత్రి అయితే అందరూ ఒకే కప్పు కింద పేకాడుకుంటారు. ఆ కప్పు కిందికి రానివ్వని మనిషి సంగతి వేరు.

క్రుక్స్‌కు విడిగా ఒక గది ఉంది. గుర్రాల కొట్టానికి ఆనుకుని, జీనులూ పట్టీలూ ఉంచే గది. కూలీలు పడుకునే పాకలోకి అతను రాకూడదు, వాసన వస్తాడంటారు. ఒక క్రిస్మస్ రాత్రి మాత్రం లోపలికి రానిచ్చారు, రానిచ్చాక ఒకడు అతనితో కొట్లాటకు దిగాడు. స్టైన్‌బెక్ ఆ గదిలోని వస్తువులను ఓపిగ్గా చూపిస్తాడు. మేకుకు వేలాడే బంగారు అంచు కళ్ళజోడు, అలారం గడియారం, రబ్బరు బూట్లు, ఒంటిగొట్టం తుపాకి, చిరిగిపోయిన నిఘంటువు, బాగా నలిగిన 1905 నాటి కాలిఫోర్నియా సివిల్ కోడ్. మిగతా కూలీలకు వీపు మీద మోసుకుపోయేంత సామానే ఉంటుంది. అవిటితనం వల్ల అక్కడే స్థిరపడిపోయిన క్రుక్స్‌కు మోయలేనంత ఉంది. అందరికన్నా ఎక్కువ సామాను ఉన్నది అతనికే, దాదాపు ఎవరూ గడప తొక్కనిది అతని గదే. నొప్పిపెట్టే వీపుకు మందు కూడా తనే చెయ్యి వెనక్కి తిప్పి రాసుకోవాలి.

అలాంటి గది గుమ్మంలో లెన్నీ వచ్చి నవ్వుతూ నిలబడితే క్రుక్స్ కసురుకుంటాడు. ఇది నా గది, ఇందులోకి వచ్చే హక్కు నీకు లేదంటాడు. ఇక్కడ నేను ఎన్నిసార్లు ఆగి ఆలోచించానో చెప్పలేను. ఆ గది అతనికి మర్యాద చేయడానికి ఇచ్చింది కాదు, దూరం పెట్టడానికి ఇచ్చింది. ఆ దూరాన్నే అతను హక్కుగా మార్చుకున్నాడు. మీరు నన్ను రానివ్వరు కదా, నేనూ మిమ్మల్ని రానివ్వను. బయటివాళ్ళు పెట్టిన గడియ చాలదన్నట్టు లోపలనుంచి తనూ ఒక గడియ పెట్టుకున్నాడు. దాన్ని పొగరు అనడానికి నాకు నోరు రాదు. అన్నీ లాగేసుకున్న చోట మనిషికి మిగిలిన అభిమానం అది. కానీ దానికి మూల్యం చెల్లించేదీ అతనే. కాసేపటికి క్యాండీ కూడా వస్తాడు. ఇద్దరూ చాలాకాలంగా ఆ కమతంలోనే ఉన్నారు, క్యాండీ ఆ గదిలో అడుగుపెట్టడం మాత్రం అదే మొదటిసారి. క్రుక్స్‌కు లోపల ఎంత సంతోషమంటే, దాన్ని కోపం చాటున దాచలేక అవస్థ పడతాడు.

లెన్నీ ముందు అతను మనసు విప్పుతాడు. తండ్రికి కోళ్ళ ఫారం ఉండేదని, చిన్నప్పుడు తెల్లపిల్లలు వచ్చి తమతో ఆడుకునేవాళ్ళని, అది తండ్రికి ఎందుకు నచ్చలేదో తనకు చాలాకాలానికి గానీ అర్థం కాలేదని చెబుతాడు. ఇదంతా లెన్నీకి ఎందుకు చెప్పాడు? లెన్నీకి బోధపడదు, గుర్తూ ఉండదు కాబట్టి. నాకు ఇక్కడ కవి జాషువా గుర్తొస్తారు. ఈ నవల వచ్చిన నాలుగేళ్ళకు, 1941లో, ఆయన కావ్యం ‘గబ్బిలం’ వచ్చింది. అందులో అంటరానివాడని వెలివేసిన అరుంధతీసుతుడు తన గోడు వినే మనిషి లేక గబ్బిలానికి చెప్పుకుంటాడు. తనను రానివ్వని గుళ్ళోకి అది పోగలదు గనక దానితోనే కాశీ విశ్వనాథుడికి కబురు పంపుతాడు. కులం కథ వేరు, జాతి కథ వేరు, రెండిటినీ ఒకే తక్కెడలో పెట్టను. కానీ సాటి మనిషిని దాటి వేరే చెవి వెతుక్కోవలసి రావడం ఇద్దరి విషయంలోనూ ఒకటే. జాషువా గబ్బిలం కనీసం కబురు మోస్తుంది. లెన్నీ ఏదీ మోయలేడు. ఎదుట ఒకడుండి, తను మాట్లాడుతూ ఉంటే చాలు, అర్థం కాకపోయినా ఫరవాలేదనే దాకా వచ్చాడు క్రుక్స్.

ఆ వెంటనే అతను ఒక ఘోరం చేస్తాడు. ఒకవేళ జార్జ్ తిరిగి రాకపోతే ఏం చేస్తావని లెన్నీని అడుగుతాడు. లెన్నీ బెదిరిపోతుంటే అతని మొహంలో చిన్న వెలుగు. చదవడం కష్టమైన చోటు ఇది. తన బాధ ఎలాంటిదో ఎదుటివాడికి తెలియాలన్న ఆరాటం, ఆ బాధ వాడూ పడితే బాగుండునన్న కసి, రెండూ ఆ ఒక్క ప్రశ్నలోనే ఉన్నాయి. వాటిని విడదీయడం నా వల్ల కాలేదు. అతని వల్ల కూడా అయి ఉండదు.

అయినా ఆ గదిలో కొన్ని నిమిషాలు మంచివి గడుస్తాయి. క్యాండీ తన పరిహారం డబ్బు కలిపి జార్జ్, లెన్నీలతో కలిసి పొలం కొనబోతున్నాడు. ఆ లెక్కలు వింటూ వింటూ, ఏదీ నమ్మని క్రుక్స్ కూడా, మీకు ఊరికే పనిచేసే మనిషి కావాలంటే నేనూ వస్తానంటాడు. తిండి పెడితే చాలట. తండ్రి పొలంలో తోడెరిగిన మనిషి మళ్ళీ పొలం మాట దగ్గరే కరిగాడు.

అప్పుడు కర్లీ పెళ్ళాం వస్తుంది. నవల మొత్తంలో ఆమెకు పేరు లేదు. మాట్లాడేందుకు మనిషి దొరక్క వచ్చింది. బయటికి పొమ్మని క్రుక్స్ అనేసరికి, తను ఒక్క మాట చెబితే నిన్ను చెట్టుకు వేలాడదీస్తారని బెదిరిస్తుంది. అది ఉత్తి మాట కాదు. నవలకు ఆరేళ్ళ ముందు, 1931లో, అలబామాలో ఇద్దరు తెల్ల స్త్రీల ఆరోపణ మీద తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్ళను పట్టుకుని ఎనిమిదిమందికి మరణశిక్ష వేసిన స్కాట్స్‌బరో కేసు అమెరికా అంతటికీ తెలుసు. సివిల్ కోడ్ అరలో పెట్టుకున్న మనిషి గోడకు అతుక్కుపోయి, అమ్మగారూ అంటూ జీవంలేని గొంతుతో సమాధానం చెబుతాడు. మేం సాక్ష్యం చెబుతామని క్యాండీ అంటే, మీ మాట ఎవరు వింటారని అడుగుతుంది ఆమె. ఎవరూ వినరని క్యాండీ ఒప్పుకుంటాడు. ఆమె మాట మటుకు ఎవరు వింటారు? సినిమాల్లో వేషం ఇప్పిస్తానన్నవాడి ఉత్తరం రాలేదు, ఆ ఉక్రోషంలో కర్లీని చేసుకుంది. తనకున్న ఒకే ఒక్క పైమెట్టు, తన తెల్లతనం. తనకన్నా కింద ఉన్నవాడి మీద దాన్ని వాడింది. మర్నాడు లెన్నీ చేతిలో ఆమె చచ్చిపోయాక క్యాండీ ఆ శవాన్ని నిలబడి తిడతాడు, పొలం దక్కకుండా చేశావని. భార్య దగ్గర ఉండిపొమ్మని తోటి పనివాడు స్లిమ్ అన్నా కర్లీ ఉండడు.

ఆ శనివారం రాత్రి జార్జ్ వచ్చి పిలిచాక అందరూ వెళ్ళిపోతారు. వెళుతున్న క్యాండీని ఆపి, ఇందాక అన్నది మరిచిపో, సరదాకి అన్నాను, అలాంటి చోటికి రావాలని నాకేం లేదంటాడు క్రుక్స్. ఆ తర్వాత నవల అతని వైపు చూడదు, ఒక్కచోట తప్ప. మర్నాడు లెన్నీని వేటాడడానికి మగవాళ్ళు బయల్దేరుతుంటే కార్ల్‌సన్ అనే కూలీ పిస్తోలు కనిపించదు. ఆ నల్లోడి దగ్గర తుపాకి ఉంది, అది తీసుకో అని కర్లీ చెబుతాడు. క్రుక్స్‌ను అడగాలన్న ఆలోచన కర్లీకి రాదు, అక్కడున్నవాళ్ళలో మరొకరికీ రాదు.