అభయమునకు హామీ ఎవరు?

ఇంగ్లండు పల్లెలలో ఇంటివెనుక తోటకు వచ్చు నక్కలను కనిపెట్టి చూచుట, వాని ఫోటోలు తీయుట ఎందరికో ప్రియమైన వ్యాపకము. అది మన పొలిమేరలలో కూయు నక్క కాదు. ఎర్రని ఒళ్ళు, నల్లని కాళ్ళు, కొన తెల్లనైన గుబురుతోక గల మరొక జాతి. మార్చి ప్రాంతమున ఈనును. పిల్లలు ఇంచుమించు నాలుగు వారములకు బొరియ దాటి వెలుగు చూచును. వేసవి మొదట సంజవేళ అవి కంచెవార దొర్లి ఆడుకొనుట చూచినవారు మరువలేరు.

ఇందులో తప్పేమి? తుపాకి లేదు, ఉచ్చు లేదు. నిజమే. కియర్టన్ సోదరులు 1892లో పిట్టగూటిలోని గ్రుడ్లను ఫోటో తీసిన నాటినుండి, చంపి తెచ్చుటకు బదులు చూచి తృప్తిపడుట కెమేరా ఎందరికో నేర్పినది. ఆ మేలును కాదనరాదు.

చిక్కు వచ్చునది ఓపిక చాలనివారితో. వారు గిన్నెలో మాంసపు ముక్కలో, కుక్కలకు వేయు మేతయో పెట్టుదురు. మొదటిరాత్రి కంచె దగ్గర, తరువాత చెట్టు క్రింద, చివరకు కిటికీ ముందు. ఫోటో ఎంత దగ్గరనుండి వచ్చినదో, నక్క జంకు అంత తగ్గినదన్నమాట. వర్తకుని భాషలో చెప్పవలెనన్న, అడవి జంతువునకు జంకే పెట్టుబడి. తల్లి పిల్లలకు ఇచ్చిపోవు ఆస్తియు అదే. గిన్నె పెట్టినవాడు అందులోనుండి రోజుకింత వాడుకొనును గాని, ఆ ఖర్చు తన పద్దులో వ్రాసికొనడు.

అతడు దుర్మార్గుడు కాడు. తన తోటలో ఆ జీవికి భయము లేకుండ చేసితినని సంతోషించును. పెద్దలు దానములలో అభయదానమును మిన్నగా ఎంచిరి గదా! అయితే కంచె అవతలి తోట అతనిది కాదు. అక్కడ కోళ్ళగూడు ఉండవచ్చును. ఇంగ్లండు, వేల్సులలో కుక్కల గుంపుతో నక్కను వేటాడుట 2004 నాటి చట్టముచే నిషేధింపబడి, 2005 ఫిబ్రవరి నుండి ఆ నిషేధము అమలులో నున్నది. తుపాకితో కాల్చుట మాత్రము భూమి గలవాని అనుమతి ఉన్నచో నేటికిని చట్టసమ్మతమే. మనిషిని చూచి బెదరనక్కరలేదని ఈ తోటలో నేర్చిన నక్క ఆ పాఠమును కంచె దాటి కూడ మోసికొనిపోవును. చెల్లించవలసినవాని సమ్మతి లేక అతని పేర హుండీ వ్రాసి యిచ్చిన పెద్దమనిషిని బజారులో ఏమందురో మన కుటుంబములవారికి చెప్పనక్కరలేదు.

ఆకలిగొన్న తల్లికి పెట్టుట దయ కాదా అను ప్రశ్న గలదు. ఎలుకలు, వానపాములు, పురుగులు, రాలిన పండ్లు, ఏది దొరికిన అది తిని బ్రతుకు జంతువది. మిగిలినది మంటిలో పూడ్చి దాచుకొనును. గిన్నె లేనంత మాత్రమున పస్తుండుట అరుదు. పైగా ఒకే గిన్నెకు పలు నక్కలు చేరుట అంటువ్యాధికి సదుపాయము. 1994లో బ్రిస్టల్ నగరపు నక్కలకు గజ్జి సోకి, కొలదికాలములో నూటికి తొంబదియైదుకు పైగా నశించెను. మరియొక మాట: నక్క ఎలుకను పట్టుట దాని స్వభావము. ఫోటోకొరకు మాంసము కొనివేయుట మనిషి చేసిన బేరము.

తమిళనాట సేలము జిల్లాలో కొన్ని పల్లెలవారు, సంక్రాంతికి నక్క ముఖము చూచిన శుభమని, దానిని వలవేసి పట్టి ఊరంత చూపి విడుచు ఆచారము కలిగియున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. తోటలో కెమేరా పట్టిన దొరగారు దీనిని మోటుతన మనవచ్చును. రెండుచోట్లను ఉన్నది చూడవలెనను కోరికయే. అక్కడ వల, ఇక్కడ గిన్నె. పట్టుట మేలని కాదు గాని, వలనుండి బయటపడిన నక్క మరింత జంకు నేర్చి పోవును. గిన్నెకు మరగినది ఉన్న జంకును పోగొట్టుకొనును.

గిన్నె లేకుండ చూచువారును లేకపోలేదు. గాలి నక్కవైపునుండి తమవైపు వీచుచోటు చూచుకొని, పొద్దు గుంకకముందే చేరి, దూరపు లెన్సుతో కదలక కూర్చుందురు. బొరియ దాపునకు పోరు; తల్లి కలవరపడెనేని పిల్లలను నోట కరచుకొని వేరొకచోటికి మార్చును. నక్క వచ్చిన వచ్చును. చాల సాయంత్రములు ఏమియు రాదు. టీ చల్లారును, మంచు దిగును, కుర్చీ మడిచికొని లోనికి పోవుదురు.