పసుపు మరకల పుటలు

కైకలూరులోని మా వంటయింటి గూటిలో, ఉప్పుజాడీ ప్రక్కన, ఫ్రెంచి పాకశాస్త్రమును బోధించు గ్రంథములు రెండు కలవు: ఒకటి 1903లో పాకాచార్యుఁడు ఎస్కోఫియే ప్రకటించిన మహాగ్రంథమునకు ఆంగ్లానువాదము, రెండవది 1961లో జూలియా చైల్డ్ ఇరువురు ఫ్రెంచి స్నేహితురాండ్రతో గూడి వెలువరించినది. అట్టలు వదులై, అంచులు పసుపుబారి, చేపల ప్రకరణమున చింతపండు వ్రేలిముద్ర యొకటి యారి నిలిచిన యా పుస్తకములను నేను దేవతార్చన పెట్టెవలె భద్రపఱచుకొనుచున్నాను.

చేప నుడికించు నీరు తెరలరాదనియు, సన్నగా వణకుచు మాత్రమే యుండవలెననియు ఆ గ్రంథములు చెప్పుచున్నవి. కొల్లేటి కొర్రమీను పులుసు ఉడుకునపుడు గరిటె పెట్టరాదనియు, దాకను రెండుచేతులఁ బట్టి మెల్లగా కుదుపవలెననియు మా అమ్మ చెప్పెడిది. అక్షరమెఱుఁగని యామెకును, దేశాంతర పాకాచార్యునకును తెలిసిన ధర్మమొక్కటియే: మెత్తనిదానిని మెత్తగానే తాఁకవలెను. ఆ పరదేశ గ్రంథములను ప్రేమించినకొలఁదియు మా అమ్మ చేతివిద్య నాకు మఱింత విశదమైనది.

నేఁటి యుదయమున మీ వంటయింట పాత పుస్తకమో, పెద్దల చేవ్రాతతోనున్న కాగితమో కనఁబడినచో, దాని మరకలను తుడిచివేయక, ఒక్క క్షణము చేతఁబట్టి చదువుఁడు. ఎవరో మనకొఱకు పొయ్యిచెంత నిలిచిన ప్రొద్దులు వానిలో నున్నవి.