గురువు దిద్దుకున్న అక్షరం

తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో, చదువు ముగించుకొని ఇంటికి మరలుతున్న శిష్యునికి ఆచార్యుడు చేసే అనుశాసనం ఒకటి ఉన్నది. తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దైవంగా భావించాలన్న మాట అందులోనిదే. మన సభలలో అది తరచుగా వినిపిస్తుంది. దాని వెంటనే అదే ఆచార్యుడు చెప్పిన మరొక మాట అంతగా వినిపించదు. తమలోని మంచి నడవడిని మాత్రమే అనుసరించాలనీ, తక్కినవి అనుసరించనక్కర లేదనీ ఆయన శిష్యునికి చెప్పి పంపుతాడు. గురువును దైవంగా చూడమన్న నోటితోనే, గురువులోనూ అనుసరించరానివి ఉండవచ్చునని ఒప్పుకొన్నాడు. ఈ రెండింటికీ వైరుధ్యం ఉన్నట్లు ఆయనకు తోచలేదు. మనకే తోస్తుంది.

విదేశాలలోని ఆలయాలలో వారాంతపు తెలుగు తరగతులు నడిపేవారిలో చాలామంది వృత్తిచేత ఉపాధ్యాయులు కారు. వారమంతా వేరే ఉద్యోగం చేసి, ఆదివారం ఉదయం బోర్డు ముందు నిలబడతారు. చిన్ననాడు నేర్చిన రాత వాడుక తప్పి కొంత మసకబారి ఉంటుంది. అటువంటి గురువు ఒకరు ‘విద్యార్ధి’ అని రాశారనుకుందాం. థకారానికి బదులు ధకారం. రెండింటికీ కంటికి కనిపించే తేడా నడుమనున్న చుక్క ఒక్కటే. కాని ‘అర్థి’ అంటే కోరేవాడు, ‘అర్ధం’ అంటే సగం. విద్యను కోరివచ్చిన బిడ్డకు పెట్టిన పేరులోనే ఆ కోరిక చెరిగిపోయింది. ముందు వరుసలోని పాప “పుస్తకంలో వేరేగా ఉందండీ” అంటుంది.

“రెండూ ఒప్పే” అనడం ఆ క్షణంలో అన్నిటికన్నా సులభం. అది అబద్ధం కూడా. హైదరాబాదులోనో విజయవాడలోనో పెరిగే పిల్లకు ఆ తప్పును దిద్దడానికి వార్తాపత్రిక ఉన్నది, దుకాణం పలక ఉన్నది, పక్కింటి తాతగారు ఉన్నారు. ఇక్కడి పాపకు ఆ గురువు మాటే సాక్ష్యం. ఆమె దానిని జీవితాంతం మోస్తుంది.

తప్పు ఒప్పుకుంటే పిల్లలకు తన మీద కాక, తెలుగు మీదనే గౌరవం పోతుందేమోనని గురువు భయపడవచ్చు. ఆట మానుకొని అయిష్టంగా వచ్చిన పిల్లల ఎదుట ఆ భయం చిన్నదేమీ కాదు. అయినా నేను దానితో ఏకీభవించలేను. బోర్డు తుడిచి, తాను తప్పు రాశానని చెప్పి, మళ్లీ రాసే పెద్దవారిని చూసినప్పుడు, నలభై ఏళ్ల వయసులోనూ తెలుగు నేర్చుకోవచ్చునని పిల్లలకు మొదటిసారి తెలుస్తుంది.

ఛాందోగ్యంలో శ్వేతకేతువును పాంచాలరాజు ప్రవాహణ జైవలి అయిదు ప్రశ్నలు అడుగుతాడు. ఒక్కదానికీ జవాబు రాదు. అన్నీ నేర్పానన్నావు కదా అని అతడు తండ్రిని నిలదీస్తాడు. తండ్రీ గురువూ అయిన ఉద్దాలకుడు కోపగించుకోలేదు; తనకు వాటిలో ఒక్కటీ తెలియదన్నాడు, తెలిస్తే చెప్పకుండా ఉంటానా అన్నాడు. ఆ మాటతో ఆగక, ఆ విద్యను అడగడానికి తానే రాజు వద్దకు వెళ్లాడు. బృహదారణ్యకంలోనూ ఈ కథ ఉన్నది. అక్కడ తండ్రి కొడుకును కూడా రమ్మంటాడు, కొడుకు నీవే వెళ్లమంటాడు. (కుమారరత్నాలు ఆనాడూ ఉన్నారన్న మాట.) ఛాందోగ్యంలో ఆ తరువాతి అధ్యాయంలోనే శ్వేతకేతువుకు ఆత్మతత్త్వం బోధించేది ఈ ఉద్దాలకుడే. తెలియదన్నందుకు ఆయన గురుపీఠం కదలలేదు.

అక్షరదోషాన్ని నిఘంటువు దిద్దుతుంది. దానికి అందని పొరపాటు మరొకటి ఉన్నది. కరీంనగర్‌లోని నాయనమ్మతో ప్రతివారం ఫోనులో మాట్లాడే పాప, ‘ఏడికి పోతున్నవ్’ అని ఇంటిపనిలో రాస్తుంది. కోస్తాలో పెరిగిన గురువు దానికి అడ్డంగా ఎర్ర గీత గీసి, ‘ఎక్కడికి వెళ్తున్నావు’ అని దిద్దుతారు. పుస్తకాల భాష నేర్పాలన్న ఉద్దేశం మంచిదే. కాని పాపకు అందిన పాఠం వేరు: నాయనమ్మ మాట్లాడేది తప్పు తెలుగు అని. మరుసటి వారం ఫోనులో ఆమె ఇంగ్లీషులోకి జారుకుంటే, అందుకు కారణం ఆ తరగతి అని ఎవరికీ తెలియదు.

ఈ తప్పును ఒంటరిగా పిలిచి, మెల్లగా సర్దిచెప్పి తప్పించుకోరాదు. గీత అందరిలో పడింది. మరుసటి ఆదివారం గురువు రెండు వాక్యాలనూ బోర్డు మీద పక్కపక్కన రాయాలి. ఒకటి పుస్తకంలో ఎక్కువగా కనిపించేదనీ, రెండవది లక్షల ఇళ్లలో పలికేదనీ, దానిని తప్పని గీయడం తన పొరపాటనీ చెప్పాలి. తక్కిన పిల్లలను తమ ఇళ్లలో ఏమంటారో అడగాలి. ఆ తరువాత ఎర్ర గీత ఉన్న పుట పక్కన తన చేతితోనే ‘ఇదీ ఒప్పే’ అని రాసి, నాయనమ్మకు చదివి వినిపించమని పాపకు ఇవ్వాలి.