తాళంచెవి ఎవరి దగ్గర?

మా చిన్నబ్బాయి ఇంటి కంప్యూటర్లో ఉబుంటు లినక్సు ఎక్కించి, నాకూ ఓ ఖాతా తెరిచి వెళ్లాడు. మొన్న కొత్త ప్రోగ్రాం పెట్టబోతే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగింది. ఆ అధికారం వాడు తన ఖాతాకే ఉంచుకున్నాడు! ఇన్నేళ్లు బీరువా తాళాలు కొంగున కట్టుకు తిరిగినదాన్ని, మనసు చివుక్కుమంది.

మావారు నవ్వారు. కాసిపేట బొగ్గుబాయిలో షాట్‌ఫైరర్‌గా చేసి రిటైరయ్యారాయన. "మందు పేల్చే యంత్రం తాళంచెవి షిఫ్టంతా నా దగ్గరే ఉండాలని రూలు. తక్కినవాళ్లు దొంగలనా? ఒకరి పొరపాటు పదిమందికి ముప్పు కాకూడదని!"

నిజమే. కాని ఆయన ఆ తాళంచెవిని పరీక్ష పాసై, సర్టిఫికెట్ తెచ్చుకుని అందుకున్నారు. నన్నెవరూ పరీక్షించలేదు. అమ్మకు చేతకాదని ముందే తేల్చేశారు. జాగ్రత్తకీ చులకనకీ తేడా అక్కడే ఉందండీ.

అబ్బాయిని అడిగేశాను. నొచ్చుకుని, పండక్కి వచ్చినప్పుడు నన్నూ అడ్మినిస్ట్రేటర్ని చేశాడు. అయినా ఏదైనా పెద్ద మార్పు చెయ్యబోతే, అది నా పాస్‌వర్డే నన్ను అడుగుతుంది. అధికారం ఇచ్చి, "ఆలోచించే చేస్తున్నావా?" అనడం నాకు మర్యాదగానే తోచింది.

ఆ రాత్రి కొంగున తాళాలు గలగలమన్నాయి. పెద్దకోడలు ఇంటికొచ్చి ఆరేళ్లయింది. ఆమెకు చేతకాదని నేనెప్పుడు తేల్చాను?