గొణిగిన మాట

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం బయట పోటీ పరీక్షలకు చదివే పిల్లల మధ్య టీ తాగుతూ పావుగంట నిలబడితే చాలు, అబద్ధంలో ఎన్ని మెట్లున్నాయో తెలిసిపోతుంది. మాక్ టెస్టులో తనకే ఫస్టు మార్కన్నవాణ్ని ‘గప్పాలు కొట్టకురా’ అని నవ్వి వదిలేస్తారు. గది అద్దెలో తన వాటా ఇవ్వకుండానే ఇచ్చానని వాదించేవాడు ‘బుకాయిస్తున్నడు’. క్లాసుకు రానందుకు చెప్పేది ‘సాకు’. పరీక్ష వాయిదా పడిందట అంటే ‘పుకారు’. ‘ఝూటా మాటలు చెప్పకు’ అని ముఖం మీద అనేశారంటే మాత్రం స్నేహం చెడినట్టే. ‘అసత్యం’ అని ఎవరూ అనరు. ఆ మాట అవతల త్యాగరాయ గానసభలో హరిశ్చంద్రుడి వేషం కట్టినవారికే వదిలేశారు.

జరిగిందా లేదా అన్న ఒక్క లెక్కతో వచ్చిన తేడాలు కావివి. చెప్పినవాడి మనసులో ఏముంది, విన్నవాడికి ఏం నష్టం జరిగింది అన్నది చూసి జనం పెట్టుకున్న పేర్లు. శాస్త్రమూ అక్కడే చూపు పెట్టింది. పతంజలి యమాలలో అహింస తర్వాతి చోటు సత్యానిది. దానికి వ్యాసభాష్యం ఇచ్చిన వివరణ చాలా లోతైనది. మనకు తెలిసినది ఎదుటివారికి చేరాలనే మాట్లాడతాం కాబట్టి ఆ మాటలో వంచన ఉండకూడదు, భ్రాంతి ఉండకూడదు, విన్నవారికి ఏమీ బోధపడకుండానూ పోకూడదు. ఆపైన అది ప్రాణులకు మేలు చేయాలి. బోధపడాలన్న ఆ మూడో షరతు ముందు నిలవని మాటలు ఆఫీసు కిటికీల దగ్గర రోజూ వింటాం. ‘పరిశీలనలో ఉంది’ అన్నది వాటిలో ఒకటి.

రాత్రి తొమ్మిది దాటాక అశోక్‌నగర్ హాస్టళ్ల మెట్ల మీద ఫోన్లు మోగుతాయి. ‘తిన్నవా బిడ్డా?’ ‘తిన్ననమ్మా, పప్పు, బెండకాయ చేసిండ్రు.’ కుర్రాడి చేతిలో ఉన్నవి రెండు అరటిపళ్లు. ఇలాంటి చోట మనవాళ్లు వెంటనే భాగవతం అష్టమ స్కంధం తీస్తారు. పెళ్లి విషయంలో, ప్రాణం మీదికి వచ్చినప్పుడు, మానం, ధనం పోయేటప్పుడు బొంకినా పాపం లేదని శుక్రాచార్యులవారు బలికి చెప్పారు కదా అంటారు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్న సామెత ఉండనే ఉంది. కానీ ఆ గురువు ఆ జాబితా ఎందుకు విప్పాడు? వామనుడికి ఇచ్చిన మాట తప్పించడానికి. శిష్యుడు విన్నాడా? వినలేదు. రాజ్యం పోయినా సరే, ఆడిన మాట తప్పనన్నాడు. మనం మాత్రం బలిని పొగుడుతూ శుక్రుణ్ని అనుసరిస్తుంటాం.

గీత పదిహేడో అధ్యాయంలో వాక్కుకు చెప్పిన తపస్సు ఇంకా కష్టమైనది. మాట ఎవరినీ కలతపెట్టకూడదు, నిజమై ఉండాలి, ప్రియంగా ఉండాలి, హితం చేయాలి. నాలుగూ ఒకేసారి కుదరాలి. ఆ కుర్రాడి మాటలో నిజం తప్ప మిగిలినవన్నీ ఉన్నాయి. దాన్ని బొంకు అనడానికి నాకు నోరు రాదు, తపస్సు అనడానికీ రాదు.

పుకారు సంగతి వేరు. దాన్ని మోసేవాడు అబద్ధమాడటం లేదు, నమ్మే చెబుతున్నాడు. వ్యాసభాష్యం భ్రాంతి అన్నది దీన్నే. ఇక్కడి పిల్లలు ఊరికే నమ్మరు, నమ్మేలా దెబ్బలు తిన్నారు. 2022లో 503 పోస్టులకు గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. ఆ అక్టోబరు 16న రాసిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ రాస్తే దాన్ని సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. కొత్త నోటిఫికేషన్ మీద 2024 జూన్ 9న మూడోసారి కూర్చున్నారు. ఇన్ని చూసినవాడికి అర్ధరాత్రి వాట్సాప్‌లో ‘మళ్లీ రద్దట’ అని వస్తే నిద్ర పడుతుందా? అద్వైతులు కుందేటి కొమ్మును అసత్తు అన్నారు, తాడులో కనిపించే పామును మిథ్య అన్నారు. పాము లేదు, కానీ చెమటలు మాత్రం నిజంగానే పడతాయి. జగత్తు మిథ్య అంటే ‘అంతా అబద్ధం’ అని శంకరుల మీద రుద్దేవారు ఈ తేడాను ఒకసారి చూడాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనదానికి వాడుకలో సరైన పేరే లేదు. అది నిజాన్నే వాడుకుని చేసే మోసం. వ్యాసభాష్యంలోని వంచనకు ఉదాహరణ కావలసివచ్చి వాచస్పతి మిశ్రుడు ఏ దొంగనో పట్టుకోలేదు, ధర్మరాజునే తెచ్చాడు. అశ్వత్థామ చచ్చిన మాట నిజమే, చచ్చింది ఏనుగు. ‘ఏనుగు’ అన్నమాట ద్రోణుడికి వినబడకుండా గొణిగాడు. అంతవరకు నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన ధర్మరాజు రథం ఆ క్షణాన నేలను తాకిందంటుంది భారతం. స్వర్గారోహణ పర్వంలో కాసేపు నరకం చూడవలసివచ్చిందీ అందుకే.

నారాయణగూడ నుంచి అశోక్‌నగర్ దాకా కోచింగ్ సంస్థల ఫ్లెక్సీల మీద ర్యాంకర్ల ముఖాలు నవ్వుతుంటాయి. పేరు నిజం, ర్యాంకు నిజం, ఫొటో నిజం. అందరూ మోసగాళ్లని నేననడం లేదు. కానీ ఈ వ్యాపారంలో ఏనుగులు దేశమంతటా ఉన్నాయి. సివిల్స్ విజేతలు తమ దగ్గర ఇంటర్వ్యూ తర్ఫీదు మాత్రమే తీసుకున్న సంగతి దాచి, మొత్తం చదువు తామే చెప్పినట్టు ప్రకటనలిచ్చిన కోచింగ్ సంస్థలకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ జరిమానాలు వేసింది. 2024 నవంబరులో మార్గదర్శకాలూ తెచ్చింది. ఫొటో వేస్తే ఆ అభ్యర్థి ఏ కోర్సు చదివాడో చెప్పాలి, అసలు సంగతిని చిన్న అక్షరాల్లో దాచేస్తే కుదరదు. ఊరి నుంచి పిల్లవాణ్ని చేర్పించడానికి వచ్చే తండ్రి ఫీజు కట్టే ముందు కౌంటరు దగ్గర ఒక్క ప్రశ్న అడిగితే చాలు: ‘ఈ ఫొటోలో బాబు మీ దగ్గర ఏం చదివిండు సార్, ఎన్నాళ్లు చదివిండు?’