కనబడని వేదన – తితిక్ష

జ్వరము వచ్చినచో తాకి తెలిసికొనవచ్చును. గాయమైనచో కంటికి కనబడును. కాని కొన్ని వ్యాధులు అనుభవించువారికి తప్ప ప్రక్కనున్నవారికి తెలియవు. పార్శ్వపు నొప్పి, అనగా నేటి వైద్యులు మైగ్రేన్ అని పిలుచు తలనొప్పి, అట్టివానిలో ముఖ్యమైనది. నిన్న చీకటి గదిలో కన్నులు మూసికొని పడియున్న ఇల్లాలు నేడు లేచి వంట చేయుచుండును. ముఖమున రోగచిహ్నమేదియు కానరాదు. అందుచేత ఆ వేదన నిజమా, నెపమా అను సందేహము ఇంటివారికి కలుగును. రోగికి వేరొక సందేహము కలుగును. ఓర్చుకొనలేకపోవుట భక్తిలోపమా? ఉపవాసము ఉండలేనిచో వ్రతభంగమగునా? ఔషధము కోరుట భగవంతునియందు విశ్వాసము లేకపోవుటయా? ఈ ప్రశ్నలకు శాస్త్రమిచ్చు సమాధానమును తెలిసికొనుట గృహస్థులందరికిని అవసరము.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున 11 శిరోరోగములు చెప్పబడినవి. వానిలో అర్ధావభేదకము ఒకటి. తలలో సగభాగమున చీల్చినట్లు, పొడిచినట్లు బాధ కలుగుట, తల తిరుగుట, పక్షమునకొకసారియో పది దినములకొకసారియో లేక అకస్మాత్తుగనో తిరిగివచ్చుట దాని లక్షణములు. చరకసంహిత సిద్ధిస్థానమున దీని కారణములు చెప్పబడినవి. రూక్షాహారము, తిన్నది జీర్ణము కాకమునుపే మరల తినుట, తూర్పుగాలి, మంచు, అతిశ్రమ, వేగధారణము అనునవి అందు కలవు. వేగధారణమనగా దేహమునకు సహజముగా పుట్టు ప్రేరణలను బలవంతముగా ఆపుట. అట్లు ఆపరాని వేగములను 13గా ఆ గ్రంథమే సూత్రస్థానమున లెక్కించినది. ఆకలి, దప్పిక, నిద్ర ఆ పదుమూడింటిలోనివే.

యవన వైద్యులు దీనిని సగము కపాలము అను అర్థముగల పేరుతో పిలిచిరి. ఆ పేరే రూపు మారి మైగ్రేన్ అయినది. ఇది నాడీమండలమునకు సంబంధించిన వ్యాధియనియు, పెక్కు కుటుంబములలో తరతరములుగా వచ్చుననియు నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. చికిత్స లేనిచో ఒక్కొక్క విడత 4 గంటలు మొదలు 72 గంటల వరకు ఉండవచ్చును. నడచినను, మెట్లెక్కినను నొప్పి హెచ్చును. వికారము, వాంతి కలుగును. వెలుతురు, ధ్వని, ఘాటైన వాసన భరింపరానివగును. కొందరికి నొప్పికి ముందు కన్నుల యెదుట మిరుమిట్లు గొలుపు వంకర గీతలు కనబడును. లోకమున నూరుకోట్లకు మించిన జనులు ఈ వ్యాధి కలవారు. పెద్దవారిలో పురుషులకంటె స్త్రీలకు ఇది రెండు మూడు రెట్లు అధికము.

ఇప్పుడొక వైష్ణవగృహమును భావించి చూడవలెను. ఆ ఇంటి కోడలు ఏకాదశినాడు వేకువననే లేచి, స్నానము చేసి, నీరైనను ముట్టక పూజకు అమర్చును. అలవాటైన కాఫీయు ఆనాడు లేదు. రాత్రి జాగరణము కూడ కలదు. మధ్యాహ్నము దాటునప్పటికి కణత అదరుట ప్రారంభమగును. ధూపపు వాసనకు కడుపులో త్రిప్పును. దీపపు వెలుగు కంటిలో ముల్లువలె గ్రుచ్చుకొనును. ఆమె లోపలికి పోయి పడుకొనును. "ప్రతి ఏకాదశికిని ఈమెకు ఇదే వరుస" అని ఎవరో అందురు. ఆ మాట అన్నవారు క్రూరులు కారు. వారికి తెలియదు, అంతే. ఏకాదశి పక్షమునకొకసారి వచ్చును. ఆకలిని, దప్పికను, నిద్రను ఒక్కనాడే ఆపినచో ఆ వ్యాధియు పక్షమునకొకసారి వచ్చుటలో ఆశ్చర్యమేమున్నది? కాఫీకి అలవాటుపడినవారు ఒక్కసారిగా మానినను తలనొప్పి వచ్చుననునది కూడ వైద్యులెరిగిన విషయమే. నెపమని తోచినదానికి చరకుడు కారణము ఏనాడో చెప్పియుండెను.

ఇచ్చట తితిక్ష అను మాటను సరిగా గ్రహింపవలెను. శీతోష్ణములు, సుఖదుఃఖములు వచ్చి పోవునవి గనుక వానిని సహింపుమని గీత రెండవ అధ్యాయమున భగవానుడు అర్జునునికి బోధించెను. దీనిని పట్టుకొని, మందు పుచ్చుకొనకుండుటయే సహనమని కొందరు తలతురు. చలి సహింపుమన్నంతమాత్రమున కంబళి కప్పుకొనరాదని అర్థము కాదు గదా! చేయదగిన ప్రతిక్రియ చేసిన పిమ్మట ఇంకను మిగిలిన బాధను కలతపడక, పరులను నొప్పింపక భరించుట తితిక్ష. ఆ భగవానుడే ఆరవ అధ్యాయమున అతిగా భుజించువానికిని, బొత్తిగా భుజింపనివానికిని, అతిగా నిద్రించువానికిని, నిద్రయే లేనివానికిని యోగము సిద్ధింపదని చెప్పి, ఆహారవిహారములలో, నిద్రాజాగరణములలో మితమును విధించెను. పార్శ్వపు నొప్పి కలవారికి వైద్యుడు చెప్పు మొదటి పథ్యము కూడ ఇదియే. వేళకు భోజనము, వేళకు నిద్ర పాటించువారు దేహమును గారాబము చేయుచున్నారని ఎంచరాదు. వారు యోగమునకు మొదటి మెట్టును కట్టుకొనుచున్నారు.

దేహమే ధర్మసాధనములలో మొదటిదన్న కాళిదాసు మాటను అందరును చెప్పుకొందురు. అది కుమారసంభవమున ఎవరు ఎవరితో అన్న మాటయో తలచుకొన్నచో దాని భావము మరింత స్ఫుటమగును. ఘోరతపస్సు చేయుచున్న పార్వతిని చూచి, బ్రహ్మచారి వేషమున వచ్చిన శివుడు, శక్తికి తగినట్లుగనే తపస్సు చేయుచున్నావు గదా యని కుశలమడుగుచు అన్న మాట అది. ఉపవసించుచున్న స్త్రీని ఆమె దేహస్థితిని గూర్చి ముందుగా అడుగుట మర్యాదయని మహాకవి ఎరుగును. ఏ దేవునికై ఆమె తపస్సు చేయుచుండెనో ఆ దేవుడే ఆ ప్రశ్న అడిగెను.

వ్రతనిర్ణయ గ్రంథములు మరింత స్పష్టముగా చెప్పినవి. వ్రతమునకు భంగము కలిగింపనివి ఎనిమిది యని అవి లెక్కించినవి. నీరు, మూలములు, ఫలములు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువచనము, ఔషధము. ఈ జాబితా చివర ఔషధము ఉన్నదని ఎంతమంది గుర్తుంచుకొందురు? ఏకాదశినాడు పాలతో మాత్ర మ్రింగిన రోగి వ్రతభ్రష్టుడు కాడు. విష్ణుసహస్రనామములలో భేషజము, భిషక్కు అను రెండు నామములు వెంటవెంట వచ్చును. నిత్యము పారాయణము చేయువారు మందును, వైద్యుని భగవంతుని నామములుగనే ఉచ్చరించుచున్నారు. పారాయణమున నమస్కరించిన నామమును రోగము వచ్చినప్పుడు తిరస్కరించుట తగునా?

"ఇది ప్రారబ్ధము, అనుభవింపవలసినదే" యని కొందరందురు. తన బాధను గూర్చి తాను అట్లనుకొని ఊరట పొందుట వేరు, ఎదుటివాని బాధను గూర్చి అట్లు తీర్పు చెప్పుట వేరు. పరుల కర్మను లెక్కకట్టు అధికారము ఎవరికిని ఈయబడలేదు. ప్రారబ్ధము రోగమును తెచ్చినదన్నచో, మందును అందుబాటులోనికి తెచ్చినది ఎవరు? బాధ తొలగింపుమని ప్రార్థించుట కూడ తక్కువతనము కాదు. మేల్పత్తూరు నారాయణ భట్టతిరి వాతరోగపీడితుడై గురువాయూరు స్వామి సన్నిధిని నూరు దశకముల నారాయణీయమును రచించి 1586లో ముగించెను. వెయ్యికి పైగా శ్లోకములుగల ఆ మహాస్తోత్రము ఆయురారోగ్యసౌఖ్యములను కోరుచునే ముగియును.

ఇక ఆచరణకు వచ్చినచో, ఈ వ్యాధిని పూర్తిగా పోగొట్టు మందు లేదు. అదుపులో ఉంచు మార్గములు పెక్కు కలవు. నొప్పి వచ్చిన తేదీ, వేళ, ముందునాటి భోజనము, నిద్ర, ఋతుధర్మము, ఎండలో తిరుగుట మొదలగువానిని ఒక పుస్తకమున వ్రాసికొన్నచో రెండు మూడు మాసములలో తన దేహపు స్వభావము తనకు తెలియును. వైద్యుడు చెప్పిన మందును నొప్పి ముదిరిన తరువాతకంటె ప్రారంభముననే పుచ్చుకొన్న మేలు. సాధారణపు నొప్పి మాత్రలను నెలకు 15 దినములు, ట్రిప్టాన్ అను వర్గపు మందులను 10 దినములు, లేక అంతకు మించి మాసముల తరబడి వాడినచో ఆ మందుల వలననే తలనొప్పి నిత్యమగును. తరచుగా వచ్చువారికి రాకుండ నివారించు మందులు వేరుగా కలవు. అకస్మాత్తుగా మునుపెన్నడు ఎరుగనంత తీవ్రముగా వచ్చిన తలనొప్పి, జ్వరముతో మెడ బిగిసిన తలనొప్పి, మాట తడబడుట, కాలు సేతులు పట్టుతప్పుట, ఏబది ఏండ్లు దాటిన పిదప క్రొత్తగా వచ్చిన తలనొప్పి – వీనిని పార్శ్వపు నొప్పియే యని ఉపేక్షింపక వెంటనే వైద్యునికి చూపవలెను.

యాత్రకు పోవువారు కూడ దీనిని ఆలోచింపవలెను. రాత్రి ప్రయాణమున నిద్ర లేక, తిరుపతిలో దిగినదే తడవుగా, ఏమియు తినక ఎండలో అలిపిరి నుండి 3,550 మెట్లు ఎక్కుట ఈ వ్యాధి కలవారికి నొప్పిని పిలిచి తెచ్చుకొనుటయే. ఒక రాత్రి విశ్రమించి, చల్లని వేళ బయలుదేరి, నీరు, కొంచెము ఆహారము, మందు వెంట ఉంచుకొని నడచుట మేలు. నడువలేనినాడు బస్సులో పోయినవానిని స్వామి వేరుగా చూడడు.

నొప్పి ముదిరినప్పుడు రోగి పూజ చేయలేడు. నామమైనను నోట పలుకదు. మనస్సులో చేయు ఆరాధనమును పెద్దలు అంగీకరించిరి. ఒక్కొక్కప్పుడు అదియు సాధ్యము కాదు. అట్టివారికి వరాహ చరమశ్లోకార్థము గొప్ప ఊరట. మనస్సు, దేహము స్వస్థముగానున్నప్పుడు నన్ను తలచినవాడు కట్టెవలె, రాతివలె పడియున్నప్పుడు వానిని నేను తలతునని వరాహమూర్తి భూదేవికి అభయమిచ్చెను. అది అంత్యకాలమును గూర్చిన మాటయే. అయినను ప్రాణము పోవు వేళ మరువని స్వామి, ఒక పూట చీకటి గదిలో పడియున్నవారిని మరచునని ఎట్లు తలతుము?

ఇంటివారి ధర్మము చిన్నది, కాని దుర్లభమైనది. కనబడనిదానిని నమ్మవలెను. సర్వాంతర్యామిని కంటితో చూడకయే నమ్మిన గృహమునకు, తమలో ఒకరి నొప్పిని చూడకయే నమ్ముట కష్టము కారాదు. తలుపు దగ్గరగా వేయుట, రేడియో ఆపుట, పోపు ఘాటు ఆ గదికి పోకుండ చూచుట, పిల్లలను ఆవలకు పిలుచుకొనిపోవుట, ఆనాటి వంట వేరొకరు చేయుట, ఇవియన్నియు భాగవత కైంకర్యములే. రోగికిని ఒక ధర్మము కలదు. నొప్పి ప్రారంభమగుచున్నదని దాచక ముందుగా చెప్పవలెను. తేరుకొన్న పిదప సాయపడినవారిని మంచిమాటతో ఆదరింపవలెను. ద్వాదశినాడు పారణకు కూర్చుండునప్పుడు ఆ ఇంట ఒకరు మరొకరిని "ఇప్పుడెట్లున్నది?" అని అడిగినచో, ఆ ఏకాదశి సఫలమైనట్లే.