ఎడిటర్ మూగనోము

మాదాపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండేది. రైస్‌మిల్లుల ముందుండే వేబ్రిడ్జిలకు ప్రోగ్రాములు రాసివ్వడం దాని పని. లోడు లారీ కాటా ఎక్కితే ఒక బరువు, సరుకు దించాక ఖాళీ లారీ ఎక్కితే ఇంకో బరువు, రెండిటి తేడా ధాన్యం. వినడానికి ఇంతే. కానీ ఆ సీ ప్లస్ ప్లస్ కోడ్ ఏళ్ళ తరబడి ఎందరి చేతులో మారింది. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దారు, దిద్దినవాళ్ళు వేరే ఉద్యోగాలకు వెళ్ళిపోయారు.

అందులో కొత్తగా ఒక కుర్రాడు చేరాడు. చురుకైనవాడే. వీఎస్ కోడ్ తెరిచి, క్లాంగ్‌డీ ఎక్స్‌టెన్షన్ వేసుకుని, ప్రాజెక్టులో మొదటి ఫైలు తీశాడు. మొదటి వరుస కిందే ఎర్ర గీత: హెడర్ ఫైలు దొరకలేదు. ఆ హెడర్‌లో ఉండాల్సిన పేర్లేవీ తెలియకపోవడంతో కింద ప్రతి వరుసకూ ఎర్ర గీతే. కొంతదూరం వెళ్ళాక, తప్పులు మరీ ఎక్కువయ్యాయి, ఇక ఆపేస్తున్నాను అని, ఆ ఎక్స్‌టెన్షన్ వెనక ఉండి కోడ్ చదివే క్లాంగ్‌డీ సర్వరే చేతులెత్తేసింది.

కుర్రాడు టెర్మినల్‌లో బిల్డ్ చేసి చూశాడు. ఒక్క మాట అనకుండా అయిపోయింది. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు, బిల్డ్ అబద్ధమాడదు కాబట్టి తప్పంతా ఎడిటర్‌దే అని తేల్చేసుకున్నాడు.

ఆపైన సెట్టింగ్స్ మీద పడ్డాడు. ఎక్కడెక్కడివో నాలుగు వరుసలు తెచ్చి అతికించాడు. అతికించింది ఈ ప్రాజెక్టు సెట్టింగ్స్‌లో కాదు, అన్ని ప్రాజెక్టులకూ వర్తించే యూజర్ సెట్టింగ్స్‌లో. దాంతో అప్పటిదాకా చక్కగా నడుస్తున్న అతని సొంత ప్రాజెక్టులోనూ ఎర్ర గీతలు మొలిచాయి. పోనీ సర్వర్‌నే మారుద్దామని ఇంకో సీ ప్లస్ ప్లస్ ఎక్స్‌టెన్షన్ కూడా వేశాడు, పాతది తీయకుండానే. గోరుచుట్టు మీద రోకలిపోటు. ఇప్పుడు ప్రతి సూచనా రెండుసార్లు, ప్రతి ఫిర్యాదూ రెండు గొంతులతో.

చివరికి ఒక ఉపాయం దొరికింది. ప్రాజెక్టు ఫోల్డర్‌లో 'డాట్ క్లాంగ్‌డీ' అనే ఫైలు పెట్టి, డయాగ్నస్టిక్స్ కింద సప్రెస్ అని రాసి, దాని ఎదురుగా ఒక్క నక్షత్రం గుర్తు పెడితే చాలు. పెట్టాడు. ఎర్ర గీతలన్నీ మాయం! రెండో ఎక్స్‌టెన్షన్ కూడా తీసేశాడు. తెర మీద కోడ్ కడిగిన ముత్యంలా ఉంది. పక్క సీటువాడు చూసి ముచ్చటపడి ఆ ఫైలు అడిగి తీసుకున్నాడు, వాడి దగ్గర ఇంకొకడు. తోడు మజ్జిగ ఇంటింటికీ వెళ్ళినట్టు ఆ ఫైలు టీమంతా తిరిగింది.

కొన్నాళ్ళకు మిర్యాలగూడలోని ఒక మిల్లు నుంచి ఫోను. అర్ధరాత్రి దాటాక కాటా ఎక్కిన లోడు లారీలు ఖాళీ లారీలుగా నమోదవుతున్నాయట. పగలంతా లెక్క బాగానే ఉంటోంది. ఆ అర్ధరాత్రి లెక్క రాసింది మన కుర్రాడే.

టీములో అందరికంటే పాత మనిషి ఒకావిడ, అందరూ అక్కా అనే పిలుస్తారు. వచ్చి కుర్రాడి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బిల్డ్‌లో హెచ్చరికలేమైనా వచ్చాయా?"

"ఒక్కటి కూడా రాలేదక్కా. ఎడిటర్‌లో కూడా ఏమీ లేదు, చూడండి."

ఆవిడ చూసింది. "ఇంత పాత కోడ్‌లో ఒక్క గీత కూడా లేదా? నా కోడ్‌లోనే ఉంటాయి." ఫోల్డర్ తెరిచింది, నక్షత్రం ఉన్న ఫైలు కనబడింది, తీసేసింది. పోయిన గీతలన్నీ తిరిగొచ్చాయి.

కుర్రాడి ముఖం మాడింది. "అది పిచ్చి సర్వర్ అక్కా. ఎదురుగా ఉన్న ఫైలును లేదంటుంది."

"లేదనలేదు, దొరకలేదంటోంది. ఎక్కడ వెతకమన్నావు?"

"నేనేమీ చెప్పలేదు."

"మరి దానికెలా తెలుస్తుంది?"

ఆవిడ సెట్టింగ్స్ జోలికి పోలేదు. అవుట్‌పుట్ పేన్ తెరిచి, పక్కనున్న జాబితాలో క్లాంగ్‌డీ ఎంచుకుంది. ఇన్నాళ్ళూ ఎవరూ చదవని లాగ్ అక్కడుంది. పై వరుసల్లోనే అసలు సంగతి: ఈ ఫైలుకు కంపైలేషన్ డేటాబేస్ దొరకలేదు. ఆ డేటాబేస్ అంటే కంపైల్ కమాండ్స్ జేసన్ అనే ఫైలు. ఏ సోర్స్ ఫైలును ఏ ఆదేశంతో, ఏ హెడర్ దారులతో, ఏ ఫ్లాగులతో కంపైల్ చేయాలో అందులో ఉంటుంది. బిల్డ్‌కు ఆ దారులన్నీ సీమేక్ చెబుతోంది కాబట్టి అది సాఫీగా అయిపోతోంది. క్లాంగ్‌డీకి ఎవరూ చెప్పలేదు. చెప్పకపోతే అది పని మానుకోదు, తనకు తోచిన ఫ్లాగులతో ఊహించుకుని చదువుతుంది. ఆ ఊహల ఫలితమే అన్ని గీతలు.

సీమేక్‌లో కంపైల్ కమాండ్స్ ఎగుమతి చేసే ఆప్షన్ ఆన్ చేసి మళ్ళీ నడిపారు. ఫైలు పుట్టింది, గీతలు మాత్రం కదల్లేదు. క్లాంగ్‌డీ ఆ ఫైలు కోసం సోర్స్ ఉన్న ఫోల్డర్ నుంచి పైకి ఒక్కో ఫోల్డర్ చూస్తూ పోతుంది, ఆ ఫోల్డర్లలో 'బిల్డ్' అనే ఉపఫోల్డర్ ఉంటే అందులోనూ తొంగి చూస్తుంది. వీళ్ళ బిల్డ్ ఫోల్డర్ పేరేమో 'అవుట్'. ఎవరో ఎప్పుడో పెట్టిన పేరు. ప్రాజెక్టు సెట్టింగ్స్‌లో, క్లాంగ్‌డీ ఆర్గ్యుమెంట్స్ దగ్గర, ఫలానా ఫోల్డర్‌లో చూడు అని ఒక్క వరుస రాసి సర్వర్‌ను రీస్టార్ట్ చేశారు.

గీతలన్నీ పోయాయి, ఒక్కటి తప్ప. అర్ధరాత్రి లెక్క చూసే ఫంక్షన్‌లో ఒక పసుపు గీత. లారీ స్థితి 'ఖాళీ' అవునా అని అడగాల్సిన చోట రెండు ఈక్వల్ గుర్తులుండాలి, ఒక్కటే పడింది. ప్రశ్న కాస్తా ఆజ్ఞ అయి కూర్చుంది: లారీ ఖాళీ అయిపోవుగాక! ఇలాంటి దానికి క్లాంగ్‌డీ లోపలుండే క్లాంగ్ కంపైలర్ ఎవరూ అడగకుండానే హెచ్చరిస్తుంది. వీళ్ళు బిల్డ్‌కు వాడే జీసీసీ కంపైలర్ మాత్రం 'వాల్' లాంటి హెచ్చరికల ఫ్లాగ్ ఇస్తే తప్ప నోరు విప్పదు. వీళ్ళు ఇవ్వలేదు. రెండు నోళ్ళలో ఒకటి వీళ్ళు అడగనిది, రెండోది వీళ్ళే నొక్కింది.

నీతి: తప్పు పట్టేవాడి నోరు నొక్కే ముందు, వాడికి మనం ఏం తెలియజెప్పామో చూసుకోవాలి.

కుర్రాణ్ణి మూర్ఖుడనుకుంటే కథ వృథా. అన్నీ తెలిసి మాట్లాడకుండా ఉన్న సర్వర్, నోరు కట్టేసిన సర్వర్ తెర మీద ఒకేలా కనిపిస్తాయి. రెండూ తెల్లగా, ప్రశాంతంగా ఉంటాయి. అందుకే రెండోదాన్ని మొదటిదనుకోవడం అంత తేలిక.

ఈ తంటాకు మూలం ఒక మంచి ఆలోచనలోనే ఉంది. ఒకప్పుడు ప్రతి ఎడిటర్‌కూ ప్రతి భాష గురించీ విడిగా నేర్పాల్సివచ్చేది. 2016లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ను ప్రకటించాక, ఒక భాషకు ఒక సర్వర్ రాస్తే ఆ ప్రోటోకాల్ తెలిసిన ఎడిటర్లన్నిటికీ సరిపోతోంది. సర్వర్ వేరే ప్రాసెస్‌గా నడుస్తుంది. ఇదీ ఫోల్డర్, ఇదీ ఫైలు, ఇప్పుడు ఈ అక్షరాలు మారాయి అని ఎడిటర్ దానికి జేసన్ కబుర్లు పంపుతుంటుంది. మన తెర దానికి కనబడదు, మన బిల్డ్ స్క్రిప్ట్‌లో ఏముందో తెలియదు. ఎవరితోనైనా కలిసి పనిచేయగల గుణం అలా వచ్చింది, చెప్పందే ఏమీ తెలియని గుణమూ దానితోనే వచ్చింది. పైథాన్ రాసేవాళ్ళకు ఇదే కథ ఇంకో రూపంలో ఎదురవుతుంది: ప్యాకేజీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో ఉంటుంది, ఎడిటర్‌లో ఎంచుకున్న ఇంటర్‌ప్రెటర్ మాత్రం వేరేది.

అలాగని సర్వర్ చెప్పిందల్లా వేదం కాదు. జీసీసీకి మాత్రమే తెలిసిన ఫ్లాగ్ ఒకటి కంపైల్ ఆదేశంలో ఉంటే క్లాంగ్‌డీ దాన్ని గుర్తుపట్టక ఫిర్యాదు చేస్తుంది, అందులో మన తప్పేమీ ఉండదు. అప్పుడు అదే డాట్ క్లాంగ్‌డీ ఫైల్లో ఆ ఒక్క ఫ్లాగ్‌ను పేరు పెట్టి తీసేయమనవచ్చు. ఒక హెచ్చరిక నిజంగా పనికిరానిదైతే దాని పేరు రాసి దాన్నొక్కదాన్నే ఆపవచ్చు. పేరుంటే రేపు వచ్చినవాడు ఇదెందుకు ఆపారని అడుగుతాడు, నక్షత్రం గుర్తును చూసి ఏమని అడుగుతాడు?

ఆ కంపెనీలో ఇప్పుడు 'అవుట్' ఫోల్డర్ దారి చెప్పే వరుస గిట్‌లో ఉంది. కంపైల్ కమాండ్స్ ఫైలు మాత్రం లేదు, అందులో ఎవరి కంప్యూటర్ దారులు వాళ్ళవి కాబట్టి ఎవరిది వాళ్ళే పుట్టించుకోవాలి. బిల్డ్‌కు 'వాల్' ఫ్లాగ్ కూడా ఇచ్చారు. ఇచ్చిన రోజు వచ్చిన హెచ్చరికల జాబితా చదవడం ఇంకా పూర్తికాలేదు.